మంగు మచ్చలు, సముద్రపు నాచు

ఆ మచ్చను మొదట చూసింది నేను కాదు, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ. తొంభైల మొదట్లో చోడవరంలో మా ఇంటి వసారాలో మిషను కుట్టేదాన్ని. రెండో పాప పుట్టి నాలుగు నెలలైంది. "బుగ్గమీద మిషను నూనె అంటుకున్నాదే" అని ఆవిడ తన పైటకొంగుతో తుడిచింది. పోలేదు. సబ్బుతో కడిగినా పోలేదు. అద్దంలో చూసుకుంటే రెండో బుగ్గమీద కూడా లేతగా కనబడింది.

"మంగే అది. కాన్పయ్యేక కొందరికి వస్తాది. నాకూ వచ్చింది, అదే పోనాది" అన్నారు మా అత్తగారు.

నాకు పోలేదు. మూడు నెలల్లో పైపెదవి మీదికి పాకింది. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ ముందు నా ముఖం చూసి, తర్వాతే సంచిలోంచి గుడ్డ తీసేది. మందుల షాపులో అడిగితే ఒక చిన్న ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో మచ్చలు పలచబడ్డాయి, ముఖమంతా తెల్లబడింది. "ఏటి రాస్తన్నావే, మాకూ సెప్పు" అని అడిగినవాళ్లకు నవ్వి ఊరుకునేదాన్ని. ఆ ఎనిమిది నెలలూ నాకు పండగే.

తర్వాత పొయ్యి దగ్గర కూర్చుంటే ముఖం మండడం మొదలైంది. ఎర్రటి పొక్కులు, బుగ్గల మీద నూగు. ఒక్కరోజు క్రీము రాయకపోతే మంట రెట్టింపయ్యేది. మావారు బస్సులో విశాఖపట్నం తీసుకెళ్లి ఒక స్కిన్ డాక్టరమ్మకు చూపించారు.

"ముఖానికి ఏం రాస్తున్నారు?" అని ఆవిడ అడిగారు.

"పసుపేనండి" అన్నాను. సిగ్గుతో అబద్ధం చెప్పాను.

"పసుపుకి ఇలా అవదమ్మా."

మావారు జేబులోంచి ట్యూబు తీసి బల్లమీద పెట్టారు. డాక్టరమ్మ దాన్ని అటూఇటూ తిప్పి చూశారు. "మీ మచ్చల పేరు మెలాస్మా. ఇది స్టెరాయిడ్ క్రీమ్. దానికి ఇలా సొంతంగా రాసుకునేది కాదు. చర్మం పల్చబడిపోయింది. నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ మానాలి. మానేటప్పుడు ముందు ఇంకా ఎక్కువవుతుంది. తట్టుకోవాలి" అన్నారు.

వారం వారం చూపించుకోమన్నారు. అందుకని పెద్దపాపను అత్తగారి దగ్గర వదిలి, చంటిపిల్లతో మా చిన్నాన్న కూతురు సుశీల గదిలో దిగాను. సుశీల యూనివర్సిటీలో సముద్రపు నాచు మీద రీసెర్చి చేసేది. ఆ రెండు నెలలు తలచుకుంటే ఇప్పటికీ నా మనసు తేలికవుతుంది. ఆటు పొద్దున్నే వచ్చే రోజుల్లో, సముద్రం వెనక్కి తగ్గగానే, ఎండ రాకముందే రాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లం. సుశీల చీర మోకాళ్ల దాకా దోపుకుని, చిన్న చాకుతో నాచు గీకి కవర్లలో వేసేది. పాపను ఎత్తుకుని నేను కవర్లు పట్టుకునేదాన్ని. గదికి వచ్చి ఇద్దరం బకెట్లలో కడిగి ఆరబెట్టేవాళ్లం. గదంతా చేపల బజారు వాసన. ఇంటావిడ సణుగుతుంటే సుశీల నవ్వేసేది.

"దీంతో ఏటి చేస్తావే?" అని ఒకరోజు వంకాయలు తరుగుతూ అడిగాను.

"వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో ఎందుకేస్తావక్కా?"

"నల్లబడకుండా."

"మన చర్మంలో రంగు తయారవడం కూడా కొంచెం అలాంటిదే. ఒక ఎంజైము ఉంటాది. ఈ నాచులో ఉన్నదేదో ఆ ఎంజైముని అడ్డుకుంటన్నాది. మా ల్యాబులో టెస్ట్ ట్యూబులో కనబడ్డాది."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. "అయితే నాకు కాస్త ఇయ్యే."

"టెస్ట్ ట్యూబుకి చర్మం లేదక్కా. మనిషికి పడతాదో పడదో ఇంకా ఎవరికీ తెలీదు. ఇవ్వను" అంది. మెల్లగానే అంది గానీ, మరి మాట మారలేదు.

మరిది పెళ్లికి మూడు వారాలుంది. క్రీము తగ్గించేసరికి డాక్టరమ్మ చెప్పినట్టే ముఖం కందగడ్డలా అయింది. సుశీల ల్యాబుకు వెళ్లగానే, ఆరబెట్టిన నాచు గుప్పెడు తీసి నూరి ముఖానికి పట్టించాను. పావుగంటకే నిప్పు పెట్టినట్టయింది. సాయంత్రం తను వచ్చేసరికి కళ్లు మూసుకుపోయాయి. సన్నికల్లు చూసి సుశీలకు అంతా అర్థమైంది. తడిగుడ్డ తెచ్చి ముఖం తుడిచింది.

"నాకు సెప్పాల్సిందక్కా" అంది.

"సెబితే వద్దంటావు కదే."

"అంటాను. అన్నా గానీ నీ పక్కనే కూకుందును."

అప్పుడు ఏడ్చాను, మచ్చలు వచ్చిన తర్వాత మొదటిసారి. ఆ సాయంత్రమే తను నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఈసారి ఏదీ దాచలేదు. "ఉన్నదున్నట్టు చెప్పారు, మంచిపని చేశారు" అన్నారావిడ.

పెళ్లికి పొట్టు లేచిన ముఖంతోనే వెళ్లాను. అత్తగారు నన్ను తన పక్కనే ముందు వరసలో కూర్చోబెట్టుకున్నారు. ఎవరైనా వింతగా చూస్తే, "కోడలికి ఒంట్లో బాగోలేదు, మందు వాడతంది" అని ఆవిడే చెప్పేవారు.

ఎరుపు తగ్గడానికి ఆరు నెలలు పట్టింది. ఎండలోకి గొడుగు లేకుండా వెళ్లలేదు. డాక్టరమ్మ ఇచ్చిన లోషన్ తప్ప మరొకటి రాయలేదు. రెండేళ్లకు మచ్చలు బాగా పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు. ఇప్పటికీ వేసవిలో కాస్త ముదురుతాయి, చలికాలానికి తగ్గుతాయి. మిషను ఇంకా కుడుతున్నాను. సుశీల వేరే ఊళ్లో కాలేజీలో పాఠాలు చెబుతోంది. "నీ నాచు ఏమైందే?" అని ఫోనులో అడిగితే, "ఇంకా పరీక్షల్లోనే ఉందక్కా, ఎవరెవరో చేస్తన్నారు" అంటుంది. తర్వాత ఇద్దరం ఆ రాళ్ల గురించి, ఇంటావిడ సణుగుడు గురించి మాట్లాడుకుంటాం.

మంగుతో బాధపడే అక్కచెల్లెళ్లకు ఒక్కటే చెబుతాను. ముఖానికి ఇప్పటిదాకా ఏమేం రాశారో, షాపువాళ్లు ఇచ్చినవీ, ఇంట్లో నూరినవీ, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని డాక్టరు చేతికివ్వండి. సిగ్గుపడి ఒక్కటి కూడా వదిలేయకండి.