కంప్యూటర్‌లో ఉప్పు కరిగిన రోజు

మా మేస్టారు పోయారు. చేతిలో మాడుగుల హల్వా పొట్లం పట్టుకుని ఆయన ఇంటికే వెళ్తుంటే, చోడవరం బస్టాండు దగ్గర ఎవరో ఆపి చెప్పారు. అంతకు కాసేపటి ముందే మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, "నాన్నా, కరిగింది!" అని అరిచింది. మీరు నమ్మండి, నమ్మకపోండి, ఈ వయసులో నేను టెలిఫోన్ బూత్‌లో గెంతులు వేశాను. ఆ హల్వా అందుకోసం కొన్నదే.

ఆయన ఇక్కడి కాలేజీలో మా అమ్మాయికి కెమిస్ట్రీ చెప్పేవారు. అయిదో క్లాసు దాటని నాలాంటి చెరకు రైతు కూతురు, ఉప్పు నీళ్ళలో ఎలా కరుగుతుందో కంప్యూటర్‌లో లెక్క కడుతూ యూనివర్సిటీలో పరిశోధన చేస్తోందంటే ఆ పుణ్యమంతా ఆయనదే. ఆ సంబరం పట్టలేక నేను కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. "ఏటీ, ఉప్పు నీళ్ళలో కరుగుతాదని తెలుసుకోడానికి కంప్యూటరా? మా ఆడదాన్నడిగితే సెప్పదేటి?" అని వాళ్ళు నవ్వేవారు.

ఆ మాట మేస్టారితో చెప్పుకుని బాధపడితే, నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి ట్యూషన్ పిల్లల్ని నిలబెట్టారు. మధ్యలో ఒకడు సోడియం, ఇంకొకడు క్లోరైడ్, ఇద్దరూ కలిస్తే ఉప్పు. చుట్టూ ఉన్నవాళ్ళు నీళ్ళు. తల ఆక్సిజన్, చాచిన చేతులు రెండూ హైడ్రోజన్.

"తలలు సోడియం వైపు పెట్టండర్రా! ఒరే, నువ్వు చేతులెట్టేవేట్రా? అది క్లోరైడ్ దగ్గర!"

పిల్లలు తోసుకుంటూ, చోట్లు మారుతూ కిలకిలలాడుతుంటే, "ఇదే బాబూ నీ కూతురి పని. ఎవరు ఎవర్ని ఎంత లాగుతున్నారో, ఎటు కదుల్తారో లెక్క కట్టడం. ఇలాంటోళ్ళు వందలమంది. మనిషి వల్ల అవుతాదా?" అన్నారు. నాకేం అర్థమైందో తెలీదు గానీ, నేనూ వెళ్ళి పిల్లల మధ్య చేతులు చాచి నిలబడ్డాను.

తర్వాత ఆయన కిడ్నీలు పాడయ్యాయి. ఉప్పు మానెయ్యమన్నారు. బతుకంతా లవణాల పాఠం చెప్పిన మనిషి చప్పిడి కూడు తిన్నారు. ఆయనతో పాటు వాళ్ళావిడ, అమ్మగారూ అదే తిన్నారు. చివరికి పెద్దాసుపత్రిలో ఇక లాభం లేదని చెప్పేశారు. ఇంటికొచ్చాక ఆయనకి కోరిక ఒక్కటే మిగిలింది. అమ్మాయి లెక్కలో ఉప్పు కరగడం చూడాలి.

అదేమో కరగదు. కరెంటు పోతే లెక్క మళ్ళీ మొదటికి. కరెంటు ఉంటే సోడియం, క్లోరైడ్ విడిపోకుండా గడ్డకట్టేవట.

"ఏటయ్యా, నీ గుంట ఉప్పు కరిగిందా?" అని మా అమ్మాయి గురించి అడిగేవారు.

"లేదండి మేస్టారూ."

"గరిటెతో తిప్పమనవయ్యా!" అని నవ్వేవారు. నవ్వితే ఆయాసం వచ్చేది.

ఆఖరుసారి అమ్మాయి వచ్చేసరికి ఆయన కాళ్ళు వాచిపోయి మంచం దిగలేకపోయారు. గోడకి తల ఆనించి కాగితాలు చూశారు. అన్నీ గడ్డలే.

"ఒక్క అంకె మారిస్తే కరిగిపోద్దండి. మీకు సూపించాలని..." అంటూ అమ్మాయి ఏడ్చేసింది.

"మార్చడానికి కారణం ఉందా?"

"లేదండి."

"మరి? నేను పోతన్నానని నీళ్ళకి తెలుసేటమ్మా? నాకోసం మార్చకు. తప్పెక్కడుందో ఎతుకు."

వెతికే వ్యవధి లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆయనకి మరీ బాగా తెలుసు.

తప్పు దొరికింది. దూరంగా ఉన్నవాటి లాగుడు లెక్కలోకి రాలేదట. అది కలిపాక కరిగింది. నా కూతురు గెలిచింది! కానీ ఆ గెలుపు చూడాల్సిన మనిషి అప్పటికే లేరు. ఆ కాగితాలు ఇప్పుడు ఎవరికి, ఎందుకు?

దినకర్మలయ్యి చుట్టాలు వెళ్ళిపోయాక అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. అమ్మగారు వంటగదిలోంచి వస్తూనే, "కరిగిందామ్మా?" అన్నారు.

"కరిగిందండి."

ఆవిడ ముఖం ఒక్కసారి వెలిగింది. అమ్మాయి చేతిలోని లెక్క కాగితం లాక్కుని ఆయన గది గుమ్మం దాకా పరుగున వెళ్ళి, "ఏవండీ! కరిగిందట!" అని కేకేశారు.

మంచం తీసేశారు. ఆయన తల ఆనిన చోట గోడ మీద నూనె మరక ఉంది. ఆవిడ రెండు చేతులా కాగితం విప్పి, ఆ మరక వైపు తిప్పి పట్టుకుని, అలాగే నిలబడిపోయారు.