ఇంకొక్క తడి

విజయవాడ నుంచి ఉయ్యూరు మీదుగా సముద్రం వైపు పోయే దారిలో, కాలువ గట్టు పక్కన ఉన్న ఒక నర్సరీలో నేను మేస్త్రీగా చేస్తున్నాను. మట్టి, ఇసుక, పెంట కలిపి సంచులు నింపించడం, నారు పీకించి వాటిలో పెట్టించడం, నీళ్ళు పట్టించడం, లారీ ఎక్కించడం నా పని. అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. మొక్కల వరుసల దగ్గర గుచ్చే రేకుల మీద పేర్లు చూసి చూసి నేర్చుకున్నాను. అందుకే నా పేరు రాయడం కన్నా ముందు సరుగుడు, కానుగ, వేప అని రాయడం వచ్చింది.

మా చేతుల మీదుగా పోయిన మొక్కలు ఎక్కడికి చేరాయో, బతికాయో లేదో సాధారణంగా మాకు తెలియదు. లారీ గేటు దాటితే మా పని అయిపోయినట్టే. ఒక్కసారి మాత్రం, రెండు వేల ఇరవై రెండులో దీపావళి వెళ్ళిన వారం, మొక్కలతో పాటు నేనూ లారీ ఎక్కాను. ఇది ఆ ఊరి సంగతి.

కృష్ణా డెల్టా అనగానే అందరికీ వరి చేలూ చెరుకు తోటలూ గుర్తుకొస్తాయి. కాలువ నీళ్ళు అందడం ఆగిపోయే చోటు నుంచి ఇంకా ముందుకు పోయి చూస్తే నేల తెల్లగా చౌడు తేలి ఉంటుంది. అదీ దాటితే ఇసుక. ఎడారి ఎక్కడో దూరదేశంలో ఉంటుందని అనుకునేదాన్ని. రెండు బస్సులు మారితే చేరేంత దగ్గరలో ఉందని అప్పుడే తెలిసింది.

ఆ పల్లెలో వాళ్ళంతా వేట మీదా ఎండుచేపల మీదా బతికేవాళ్ళు. సముద్రానికీ ఇళ్ళకీ మధ్య ఒకప్పుడు పెద్ద సరుగుడు తోట ఉండేదట. తుఫానుకు అది కూలిపోయింది. కూలిన చెట్లు పొయ్యిల్లోకి పోయాయి, మొదళ్ళు కూడా తవ్వుకున్నారు. మరోపక్క రొయ్యల చెరువుల గట్లకోసం తీరంలోని ఇసుక దిబ్బను తవ్వి తీసుకుపోయారు. అడ్డు లేకపోయేసరికి వేసవి గాలికి దిబ్బ కదలడం మొదలుపెట్టింది. ఏడాదికి కొంత, ఏడాదికి కొంత, ఇళ్ళ మీదికి వస్తోంది.

దిబ్బకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది నాంచారమ్మ ఇల్లు. ఆమె నాకన్నా పెద్దది, ఒంటరి మనిషి, ఎండుచేపలు అమ్మేది. అక్కడ పనిచేసే ఒక సంస్థ తరఫున ప్రసాద్ గారనే ఆయన మా నర్సరీకి సరుగుడు మొక్కలకోసం వచ్చినప్పుడు, ఊరి తరఫున ఆమె కూడా వచ్చింది. మొక్కల వరుసల మధ్య నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇంతింత పిలకలా? ఇయ్యా మా ఇసకని ఆపేది?"

"పెరుగుతాయి అక్కా."

"ఇయ్యి పెరిగేలోపు నేను ఇసక కింద పడుకుంటానే పిల్లా. నిన్న తలుపు తియ్యడానికి పార పట్టాల్సొచ్చింది."

ఆ వరుసల మీద నీడ వల తీసేసి ఉండటం చూసి అదేంటని అడిగింది. లారీ ఎక్కించే ముందు కొన్ని వారాల పాటు నీడ తీసేసి, నీళ్ళు తగ్గించి, మొక్కను ఎండకు అలవాటు చేస్తాం. దాన్ని హార్డెనింగ్ అంటారని చెప్పాను.

"అంటే ముందే ఏడిపించి పంపుతారన్నమాట," అంది. ప్రసాద్ గారు నవ్వేశారు. ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు కూడా రా. నీ మొక్కల్ని నువ్వే పాతిపెట్టు. చస్తే నిన్నే అడుగుతాను."

అలా మా ఓనరు నన్ను మొక్కలతో పంపించాడు. నాటడం అయ్యేదాకా నాంచారమ్మ వసారాలోనే పడుకున్నాను.

వెళ్ళగానే ఆమె నాకు ఇచ్చింది నీళ్ళు. "తాగి చెప్పు. మీ బెజవాడ పంపు నీళ్ళు తాగి తాగి నోరు బ్లీచింగ్ అయిపోయుంటది." నిజంగానే అంత తీపి నీళ్ళు నేను అంతకుముందు తాగలేదు. దిబ్బ వాలులో ఇసుక తవ్వి చేసిన గుంటలో అవి ఊరుతాయి. దాన్ని చెలమ అంటారు. ఇంటికొక చెలమ. బిందె ముంచకూడదు. కొబ్బరి చిప్పతో తోడి, ఊరేదాకా ఆగి, మళ్ళీ తోడాలి. బిందె నిండాక చెలమ మీద తాటాకు కప్పాలి. పంచాయతీ పంపు నీళ్ళు పెద్ద ఊరిదాకానే వచ్చేవి. వీళ్ళకు చెలమలే దిక్కు. దిబ్బ ముందుకు జరిగితే ఇళ్ళతో పాటు చెలమలు కూడా పూడిపోతాయి. ఆమె అసలు భయం అది.

సముద్రం వైపు వరుసలుగా నాటాం. ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు. నాటినప్పుడు జల్లులు పడ్డాయి. ఇంకో వాన గట్టిగా పడితే చాలనుకున్నాం. ఆ వాన పడలేదు.

వేసవి మొదట్లో ప్రసాద్ గారు ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్ళేసరికి సూదుల్లాంటి ఆకులు కొసల నుంచి గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఇంటికొకరు చొప్పున చెలమలో తోడి, బిందెల్లో మోసి, చెంబుతో పోస్తున్నారు. పోసిన నీళ్ళు ఇసుకలో చప్పున ఇంకిపోయేవి. ఒక వరుస తడిపి రెండోదానికి వచ్చేసరికి మొదటిది ఎండిపోయేది. నాంచారమ్మ చేతులు బొబ్బలెక్కాయి. అయినా మొక్క మొక్క దగ్గరా కూర్చుని, వేలితో ఇసుక తీసి వేరు దగ్గర తడి ఉందో లేదో చూసేది.

ఆ సాయంత్రం దిబ్బ మీద అందరూ కూర్చున్నారు. ఆయిల్ ఇంజను పెడదామన్నది నాంచారమ్మే.

"చెలమ పెద్దగా తవ్వి ఇంజను పెడదాం సారూ. చెంబులతో ఎన్నాళ్ళు పోస్తాం?"

ఊరి పెద్ద వీరాస్వామి ఒప్పుకోలేదు. "గబగబా తోడితే అడుగునున్న ఉప్పు పైకొచ్చుద్ది నాంచారీ. నీకు తెల్దా?"

"నాకెందుకు తెల్దు? మొక్కలు చచ్చిపోతే దిబ్బొచ్చి చెలమ మీద కూర్చుంటది. అప్పుడు చిప్పతో ఏం తోడతావ్, ఇసకా?"

ప్రసాద్ గారు కూడా వీరాస్వామి మాట నిజమేనన్నారు. వాన నీళ్ళు ఇసుకలో ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయనీ, పాల మీద మీగడ ఉన్నట్టనీ చెప్పారు. "మీగడ మాత్రమే తీసుకోవాలి. ఒక్క తడి పెట్టి ఆపేద్దాం." తడి అంటే ఒకసారి నీళ్ళు పారించడం. వరి రైతుకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాట. ఒక్క తడికి అందరూ సరేనన్నారు.

ఇంజను వచ్చింది. పైపు చివర నీళ్ళు పడుతుంటే పిల్లలు కేకలు పెట్టారు. నాలుగైదు రోజుల్లో మొక్కల కొసలు పచ్చబడ్డాయి. నాంచారమ్మ ఒక మొక్క దగ్గరికి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి కొత్త చిగురు చూపించింది. "సూడు, బతికిందే! ఏడిపించి పంపినా బతికింది."

తరవాత పడమటి గాలి వీచింది. మొక్కలు మళ్ళీ వాడాయి. ఇంకొక్క తడి పెడదామన్నారు ప్రసాద్ గారు. నీళ్ళు తాగి చూశాం, తీపిగానే ఉన్నాయి. పెట్టాం. ఆ తరవాతిసారి ఆ మాట అన్నది వీరాస్వామి. ఇంకోసారి నేనే అన్నాను. వేసవిలో మొక్కకు తడి తప్పితే అంతవరకు పోసిందంతా వృథా అని నర్సరీలో ప్రతి మేస్త్రీకీ తెలుసు. అక్కడ తెలియనివాళ్ళంటూ ఎవరూ లేరు. నీళ్ళ సంగతి నీళ్ళు తాగేవాళ్ళకు తెలుసు, మొక్క సంగతి మొక్క పెంచేవాళ్ళకు తెలుసు. ప్రతిసారీ ఎదురుగా వాడుతున్న మొక్క కనపడేది. అడుగున పైకి వస్తున్న ఉప్పు కనపడేది కాదు.

ఒక పొద్దున ఇంజను ఆడుతుండగా నాంచారమ్మ మా అందరికీ టీ పెట్టింది. మరిగే నీళ్ళలో పాలు పోయగానే విరిగిపోయాయి.

ఆమె గిన్నె దించి వాసన చూసింది. "పాలు పాతయ్యి," అంది.

ప్యాకెట్ అప్పుడే తెచ్చిన వీరాస్వామి కోడలు, "ఇప్పుడే బస్సు దిగినయ్యి పిన్నీ," అంది.

"అయితే గిన్నె సరిగ్గా తోమలేదేమో." ఆ టీ పారబోసి, గిన్నె ఇసుకతో తోమి, ఇంకో ప్యాకెట్ తెప్పించింది. మళ్ళీ నీళ్ళు పెట్టింది. మేమంతా పొయ్యి చుట్టూ నిలబడ్డాం. మళ్ళీ విరిగాయి. వీరాస్వామి వెళ్ళి ఇంజను ఆపాడు. ఆ చప్పుడు ఆగాక సముద్రం చప్పుడు వినపడింది.

ఇంజను పెట్టిన చెలమ ఒక్కటే కాదు, పక్క చెలమలకు కూడా ఉప్పెక్కింది. కొంచెం ఎగువన కొత్తవి తవ్వారు. రెండు మూడు రోజులు బాగుండి అవీ ఉప్పెక్కాయి. పప్పు ఉడికేది కాదు. పిల్లలకు కడుపులో నొప్పులు. పెద్ద ఊరి నుంచి ఆటోలో నీళ్ళ టిన్నులు వచ్చేవి. ఆటో ఇసుకలో దిగబడుతుంది కాబట్టి రోడ్డు దగ్గరే దింపేవాళ్ళు. అక్కడి నుంచి నెత్తి మీద మోత. మొక్కలకు పోసిన చేతులతోనే ఇప్పుడు తాగడానికి మోసుకున్నారు.

వానలు వచ్చాక నాంచారమ్మ ఫోన్ చేసింది. "తీపొచ్చిందే పిల్లా! టీ పెట్టాను, విరగలా!" ఆమె గొంతులో సంతోషం విని నేను నర్సరీలో అందరికీ చెప్పాను. చలికాలం పోగానే మళ్ళీ ఉప్పు వచ్చింది. ఈసారి ఆమె ఫోన్ చేయలేదు. ప్రసాద్ గారు చెప్పారు.

మొక్కలు మాత్రం బతికాయి. సరుగుడు కొంత ఉప్పుకు ఓర్చుకుంటుంది. వేరు దిగాక ఇక ఎవరూ నీళ్ళు పోయనక్కర్లేదు. రెండో ఏడాది గ్యాప్ ఫిల్లింగ్ కోసం నన్ను పంపారు. చచ్చిన మొక్కల చోట కొత్తవి పెట్టడాన్ని అలా అంటారు. తీసుకుపోయిన మొక్కల్లో చాలావరకు వెనక్కి తెచ్చేశాను. పెట్టడానికి పెద్దగా ఖాళీలు లేవు. ఎంత శాతం మొక్కలు నిలిచాయో ఆ లెక్కను సర్వైవల్ అంటారు. వాళ్ళ సంస్థ నాటించిన చోట్లన్నిటిలోకీ ఇక్కడే సర్వైవల్ ఎక్కువట. చూడటానికి బయటివాళ్ళు కార్లలో వచ్చి పోతున్నారు. కార్లలో మంచినీళ్ళ సీసాలు తెచ్చుకుంటున్నారు.

దిబ్బ ఆగింది. నాంచారమ్మ వంటింటి గోడకు జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. తలుపుకు తాళం. పక్కిల్లు కూడా తాళమే. వీరాస్వామి కొడుకు కుటుంబం ఒక్కటే మిగిలింది, వాళ్ళు కూడా సామాన్లు సర్దుతున్నారు. వరుసల మధ్య మెత్తగా ఆకు రాలి ఉంది. ఎండ పడటం లేదు. అంత నీడలో నిలబడడానికి మనిషి లేడు. చెలమ మీద తాటాకు కప్పే ఉంది. తీసి, చిప్పతో తోడి, నోట్లో పోసుకుని ఉమ్మేశాను.

ప్రసాద్ గారు చూడటానికి వచ్చినవాళ్ళ కారు పంపించేసి నా దగ్గరికి వచ్చారు. ఆయన్ని అడిగాను. "మనం ఇక్కడికి రాకుండా ఉండాల్సిందా సార్?"

"మొక్కలు పెట్టకపోతే ఈపాటికి ఆ చెలమ ఇసుక కింద ఉండేది రత్నమ్మగారూ. ఇల్లు కూడా."

"అంటే ఎట్లా చేసినా వీళ్ళకి నీళ్ళు పోయేవేనా?"

ఆయన వంగి చెలమ మీద తాటాకు మళ్ళీ కప్పారు. ఆయనకు తెలిసి ఉంటే చెప్పేవారు.

మొన్న ఎండాకాలం విజయవాడలో చేపల మార్కెట్టుకు వెళ్ళాను. ఒక మూల కత్తిపీట ముందు కూర్చుని కొన్నవాళ్ళ చేపలు కోసి శుభ్రం చేసి ఇస్తున్న మనిషి తలెత్తి, "నర్సరీ పిల్లా," అని పిలిచింది. నాంచారమ్మ. చాలా సన్నబడింది. కొండ మీద ఇళ్ళల్లో ఒక గది అద్దెకు తీసుకుందట. కింద పంపు దగ్గర నీళ్ళు పట్టుకుని మెట్లెక్కి మోసుకోవాలట.

"మోకాళ్ళు పోయినయ్యే. అక్కడా మోతే, ఇక్కడా మోతే. ఇక్కడ మెట్లు ఎక్కువ."

చేప పొలుసు తీస్తూనే ఉంది. కాసేపటికి అడిగింది.

"మొక్కలు ఎట్టా ఉన్నయ్?"

"బతికాయి అక్కా."

"ఎంత ఎత్తయినయ్?"

"నీ ఇంటి కప్పు దాటాయి."

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "అయితే ఇల్లు ఇసకలో పోలా?"

"పోలేదు. గోడ దగ్గరే ఆగింది."

"ఆగిందా." ఇంకో చేప అందుకుంది. "చస్తే నిన్నడుగుతానన్నాను గదా. ఒక్కటీ చావలా. ఇంక నిన్నేం అడగను?"

కొన్నవాళ్ళు వెనక నిలబడి తొందరపెడుతున్నారు. నేను పక్కకు జరిగాను.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నదాంట్లో చాలాభాగం మొక్క చావకుండా చూడటం ఎలా అన్నదే. ఆ పల్లె నాకు నేర్పింది ఇంకొకటి. ఇప్పుడు తీరం వైపు నుంచి ఎవరు మొక్కలు అడిగినా, వాళ్ళ ఊరు వెళ్ళి వాళ్ళ నీళ్ళతో పెట్టిన టీ తాగి గానీ మాట ఇవ్వను. పాలు విరిగిన చోట పని తేలిక, మొక్కకు పోయడానికి తీపి నీళ్ళే ఉండవు. ఇక్కడ వద్దండీ అని వచ్చేస్తాను, వాళ్ళ ఇసుకను వాళ్ళకు వదిలేసి. కిందటి నెల ఒక ఊళ్ళో టీ చాలా బాగుంది. చెలమ నీళ్ళే. ఇల్లావిడ గర్వంగా ఎదురుగా నిలబడి, "ఎట్టా ఉన్నయ్యమ్మా మా నీళ్ళు?" అని అడిగింది. ఆవిడ వెనకాల, ఇంటికి దగ్గరలోనే దిబ్బ కనపడుతోంది. బాగున్నాయమ్మా అన్నాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా దాన్ని కింద పెట్టలేక, చేత్తో పట్టుకునే కూర్చున్నాను.