తల ఊడిపోతుందని భయపడ్డాయన

నేను చదువుకోవడానికొచ్చిన ఈ స్కార్‌బరోలో సబ్‌వే స్టేషన్ స్పీకర్లోంచి ఇవాళ పొద్దున ఓ సింఫనీ వినిపించింది. వినబడీ వినబడనట్టు సన్నగిల్లి, ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు మోగింది.

మీ ఇళ్లలోనూ రికార్డ్ ప్లేయర్‌కి పూల గుడ్డతో కవరు కుట్టి కప్పేవారా? సికింద్రాబాద్‌లో మా పెదనాన్న ఆ కవరు తీస్తే కలరా ఉండల వాసన వచ్చేది. ఆయన పెట్టేది ఈ సింఫనీయే; సరిగ్గా ఈ పిడుగు దగ్గరే నేను మంచం కిందికి దూరేదాన్ని.

"ఇది రాసిన రష్యా ఆయన నీకంటే పిరికివాడే తల్లీ," అనేవాడు పెదనాన్న. "స్టేజీ ఎక్కితే తల ఊడి పడుతుందని భయమట. ఎడమచేత్తో గడ్డం పట్టుకుని, కుడిచేత్తో ఆర్కెస్ట్రాని నడిపించేవాడట."

"అంత భయమైతే ఇంటికెళ్లిపోవచ్చుగా?"

"వెళ్లిపోయుంటే ఇది మనదాకా ఎలా వచ్చేదే?"

ఇవాళ నా ప్రెజెంటేషన్. ఫెయిలైతే కోర్సు పోతుంది, కోర్సు పోతే ఇక్కడ ఉండనిచ్చే స్టడీ పర్మిట్‌కే ఎసరు. క్లాసులో సగం మంది మనవాళ్లే అయినా, వచ్చి నాలుగు నెలలైనా, నేనింకా నోరు విప్పలేదు.

"హూ వాంట్స్ టు గో ఫస్ట్?" అన్నారు ప్రొఫెసర్.

నా ఎడమచెయ్యి గడ్డాన్ని పట్టుకుని వదల్లేదు. కుడిచెయ్యి మాత్రం పైకి లేచింది.