బోర్లించిన రోలు

ఇవాళ హాల్లోని ప్లాస్టిక్ కుర్చీలు తీసేసి, అమ్మమ్మ నాటి రాతిరోలును బోర్లించి పీటలా పెట్టాను. పాతకాలపు అలంకరణ అని మావారితో అన్నాను. అసలు సంగతి వేరు. రోలు మీద ఎవరూ కూర్చోరు కదా, రోజూ మా కలర్ టీవీ కోసం వచ్చే పక్కింటి యాదమ్మత్త నిలబడలేక వెళ్లిపోతుందని నా ఆశ.

రానే వచ్చింది. రోలు చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏంది బిడ్డా, రోలును గిట్ల బోర్లిస్తరా? జర పట్టు, లేపుదం."

లేపి, కడిగి, పసుపు రాసి, తమ ఇంటి నుంచి మామిడికాయలు, రోకలి తెచ్చుకుని కింద కూర్చుంది. సీరియల్ అయ్యేదాకా దంచుతూనే ఉంది. హీరోయిన్ ఎందుకు ఏడ్చిందో నాకు ఒక్క ముక్క వినబడలేదు.

తొక్కు మాత్రం అమృతం. "రేపు ఎల్లిగడ్డ కారం దంచుదం" అని చెప్పి మరీ పోయింది.

నవ్వకండి. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను మాత్రం వెల్లుల్లి ఒలుస్తూ ఇది రాస్తున్నాను.