నా కాలి పక్కనే పడ్డ వజ్రం

నిశ్చితార్థానికి నాకు వజ్రపుటుంగరమే పెట్టాలన్నది నన్ను చేసుకోబోయే అబ్బాయి అక్క పట్టుదల. వాళ్లది ములకలపల్లి. వాళ్ల నాన్న మిర్చి, పత్తి పండించే రైతు. అతను కొత్తగూడెం కరెంటాఫీసులో అసిస్టెంట్ ఇంజినీరు. అక్క మాత్రం పెళ్లయి ఖమ్మంలో ఉండేది. ఒక్కగానొక్క తమ్ముడి పెళ్లి గనుక అన్నీ తన చేతుల మీదే జరగాలని ఆమె ఆశ.

మాది చండ్రుగొండ దగ్గర ఊరు. తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్న కుటుంబం. ఇంట్లో నేనూ చెల్లీ ఇద్దరమే. నేను అప్పటికి వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా చేస్తున్నాను. స్కూటీ మీద అడవి అంచున ఉన్న గూడేలకు పోయి, ఎవరి చేనులో ఏ పంట ఉందో చూసి ట్యాబులో ఎక్కించడం నా పని. పెళ్లిచూపుల రోజు అతను నన్ను వంట వచ్చా అని అడగలేదు. "ఈసారి పత్తికి గులాబీ పురుగు ఎట్లుంది?" అని అడిగాడు. నేను చాలాసేపు చెప్పాను. అతను నిజంగానే విన్నాడు. అక్కడే నచ్చేశాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మా నేనూ బస్సులో ఖమ్మం వెళ్లాం. అతనూ వాళ్లక్కా నగల షాపు ముందు ఎదురుచూస్తున్నారు. బయట ఎండ మండిపోతోంది. లోపలికి అడుగు పెట్టగానే కాసేపు నాకేమీ కనపడలేదు. ఎండలోంచి వస్తే ఎవరికైనా అంతే కదా అనుకున్నాను. అతని అక్క నా చెయ్యి పట్టుకుని కుర్చీ దాకా తీసుకెళ్లింది. సిగ్గుపడుతున్నాననుకుంది పాపం.

రాళ్లు చూపించినాయన నడివయసు మనిషి. నల్ల మఖమల్ పరిచిన చిన్న పళ్లెంలో మూడు వజ్రాలు పెట్టాడు. ఉంగరంలో పొదగని విడి రాళ్లు.

"మేడం, పెద్దగుందని తీసుకోకండి. కటింగ్ చూడండి" అన్నాడు. "కటింగ్ బాగుంటే లోపలికి పోయిన వెలుగు మళ్ల పైకే తిరిగొస్తది. లోతు ఎక్కువైనా తక్కువైనా కిందికెళ్లి జారిపోతది. అప్పుడు రాయి ఎంత పెద్దదైనా నడిమిట్ల చచ్చినట్టుంటది."

షాపు లైట్ల కింద మూడూ మెరుస్తున్నాయి. నాకు మూడూ బాగానే కనపడ్డాయి. చిన్న చిన్న మంట ముక్కల్లా ఉన్నాయి. ఆ మాటే అన్నాను.

"ఈ లైట్ల కింద గాజుపెంకు గూడ మెరుస్తది మేడం. లైట్లు ఆపినంక చూడాలె."

ఆయన పైనున్న లైట్లు ఆపేసి పళ్లాన్ని మా ముందుకు జరిపాడు. అది లోపలి గది. వీధి వెలుగు కొంచెమే వస్తుందని తర్వాత చెప్పారు. అప్పుడు నాకు మాత్రం ఎవరో కళ్లకు గంతలు కట్టినట్టు అయింది.

"అబ్బా, నడిమిది చూడు తమ్మీ" అంది అతని అక్క. "పక్కన రెండూ ఆరిపోయినయ్, అదొక్కటే వెలుగుతుంది."

"అవ్" అన్నాడతను. "తేడా సాఫ్‌గా తెలుస్తుంది."

"నిజమే" అంది అమ్మ కూడా. "ఏం బిడ్డా, నీకూ అదేనా?"

నాకు రాళ్లు లేవు. పళ్లెం లేదు. అమ్మ మొహం ఉండాల్సిన చోట నలుపు తప్ప ఏమీ లేదు. ఆ నలుపులోకే చూస్తూ "అదే" అన్నాను. వేలు పెట్టి చూపించబోయాను. వేలు పళ్లెం అంచుకు తగిలింది. పళ్లెం బోర్లా పడ్డ చప్పుడు వినిపించింది.

లైట్లు వెలిగాయి. రాళ్లాయన నన్నేమీ అనకుండా తలుపు మూసి, "ఎవరూ కదలకండి, ఉన్నకాడనే ఉండి చూడండి" అన్నాడు. అందరం కూర్చున్న చోటే వంగి వెతకడం మొదలుపెట్టాం. ఒక రాయి బల్ల మీదే దొరికింది. ఒకటి అమ్మ చీర కుచ్చిళ్లలో దొరికింది. మూడోది కనపడలేదు. నేను నేల మీదికి దిగి, పలక పలకా చూస్తూ వెతుకుతున్నాను. నా వల్లే పడింది గనుక నేనే దొరకబట్టాలని నాకు పంతం.

కాసేపటికి తలెత్తితే అతను వెతకడం మానేసి నన్నే చూస్తున్నాడు.

"నీ కాలు పక్కనే ఉంది" అన్నాడు నెమ్మదిగా. "ఇప్పటిదాక దాని పక్కనుంచే చెయ్యి పోనిస్తున్నవ్."

అది నడిమిది. మంచి కటింగ్ ఉన్నది. అతను తీసి రాళ్లాయన చేతిలో పెట్టి, ఇదే ఖాయం చేయమన్నాడు. బయటికొచ్చాక అమ్మకు వినపడకుండా నన్నడిగాడు. "లైట్లు ఆపినప్పుడు నీకేం గానొచ్చింది? నిజం చెప్పు."

చెప్పాను. చెబుతుంటే నాకే ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. చీకటి పడితే నేను వాకిట్లో కూడా తడుముకుంటాను. రేచీకటి అని చిన్నప్పటి నుంచీ అమ్మ మునగాకు వండి పెట్టేది. అన్నం తినేటప్పుడు పక్కనున్న నీళ్ల గ్లాసు తన్నేస్తాను. పరాకు పిల్ల అనేవాళ్లు. స్కూటీ మీద పోతుంటే బర్రెలు ఉన్నట్టుండి పక్కనుంచి ఊడిపడ్డట్టు వస్తాయి. పక్కనున్నవి అందరికీ అట్లాగే కనపడతాయని అనుకున్నాను. ఇంకొకరి కళ్లతో నేనెప్పుడూ చూడలేదు కదా.

ఖమ్మంలో కంటి డాక్టరు చూసి, హైదరాబాదు పొమ్మని రాసిచ్చాడు. అతను సెలవు పెట్టి మాతో వచ్చాడు. అక్కడి ఆసుపత్రిలో ఒక మిషన్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. వెలుగు చుక్క కనపడగానే బటన్ నొక్కాలి. ఒక చుక్క వచ్చింది, నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషన్ ఆగిపోయిందేమో, చెప్పాలా వద్దా అనుకుంటూ కూర్చున్నాను. పక్కనున్న అమ్మాయి "మేడం, చుక్క కనపడితే నొక్కండి" అని మళ్లీ మళ్లీ అంటోంది. మిషన్ ఆగలేదు. చుట్టూ చుక్కలు వెలుగుతూనే ఉన్నాయి.

డాక్టరమ్మ నాతో కాక అమ్మతో మాట్లాడింది. "ఇంట్లో మేనరికమా?"

"అవునండి" అంది అమ్మ. "మా అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నాను."

"ఇది పుట్టుకతో వచ్చేది. చూపు చుట్టూతా నుంచి మధ్యకు మూసుకొస్తుంది. ఇప్పటికే గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తోంది మీ అమ్మాయి. బండి నడపనివ్వకండి."

"మందు?" అన్నాడతను.

"ప్రస్తుతానికి లేదు."

"ఎన్నాళ్లకు పూర్తిగా పోతది?"

"ఒక్కొక్కరికి ఒక్కోలా. చెప్పలేం."

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దాటాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఇంటిదాకా వదల్లేదు. నాకు ఏడుపు రాలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, ఈ చెట్టు కనపడుతోంది, ఈ బోర్డు చదవగలుగుతున్నాను అని పరీక్ష పెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పరీక్షలు ఆ రోజు మొదలయ్యాయి. ఇప్పటికీ ఆగలేదు.

సంబంధం పోయినట్టే అని నాన్న నిర్ణయించుకున్నాడు. ఫోన్ చేసి వాళ్లకు తనే చెబుతానన్నాడు. ఆ లోపే అతను మా ఇంటికొచ్చాడు. "మా ఇంట్ల అన్నీ చెప్పిన మామా. అమ్మ ఏడ్చింది, నాయన ఏమనలే. నేనైతే మాట మార్చ" అన్నాడు. ఆ రోజు నాన్న అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. చూపు పోతే పోయింది, ఈ మనిషి దొరికాడు అనుకున్నాను. నా జీవితంలో అంత ధైర్యంగా ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే.

నిశ్చితార్థం జరిగింది. ఉంగరం నా వేలికి సరిగ్గా సరిపోయింది. వచ్చిన చుట్టాలందరూ నా చెయ్యి పట్టుకుని రాయిని అటూ ఇటూ తిప్పి చూశారు, ఎంత బాగా ఏరారో అన్నారు. మూఢం వచ్చిందని పెళ్లి కొన్ని నెలలు వెనక్కి పోయింది.

ఆ నెలలే మమ్మల్ని తినేశాయి. మొదట్లో అతను ఫోన్ చేసి ఊళ్లో విషయాలు, ఆఫీసు విషయాలు చెప్పేవాడు. తర్వాత్తర్వాత కళ్ల గురించే. ఏ దేశంలోనో ఏదో ఆపరేషన్ చేస్తున్నారట అని వీడియోలు పంపేవాడు. కలిసినప్పుడు మాటల మధ్యలో చెయ్యి పక్కకు చాపి, "ఇప్పుడు గానొస్తుందా? ఇప్పుడు?" అని అడిగేవాడు. ప్రేమతోనే అడిగేవాడు. కనపడుతోందని నేను రెండు మూడుసార్లు అబద్ధం చెప్పాను. అబద్ధమని అతనికి తెలిసిపోయేది.

ఒకసారి ఇద్దరం భద్రాచలం వెళ్లాం. దర్శనమయ్యాక గోదావరి చూద్దామని ఘాట్ దగ్గరికి నడిచాం. అప్పటికే వెలుగు తగ్గింది. మెట్లన్నీ కలిసిపోయి ఒకే పలకలా ఉన్నాయి నాకు. ఒక మెట్టు తప్పాను. అతను పట్టుకున్నాడు గానీ అప్పటికే మోకాలు గీరుకుపోయింది. పక్కన పూలమ్ముకునే పెద్దమ్మ లేచి వచ్చి నా రెండో చెయ్యి పట్టుకుని, అతనితో అంది.

"కండ్లు గానరావా బిడ్డకు? చెల్లెలా?"

అతను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను అతని మొహం చూద్దామని అటు తిరిగాను. ఆ వెలుగులో నాకు మొహం కనపడలేదు. చూసి ఉంటే అప్పుడే తెలిసేదేమో.

ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. ఒక రోజు పొద్దున్నే అక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. వరండాలో కూర్చున్నాడు. అమ్మ తెచ్చిన నీళ్లు తాగలేదు. నాన్నతో కాదు, నాతోనే చెప్పాడు.

"నాకు ధైర్యం ఉందనుకున్న. షాపుల ఉండె. దవాఖానల గూడ ఉండె. ఇప్పుడు లేదు. నిన్ను చూస్తే అన్నిటికంటే ముందు భయమైతుంది. రేపు పిల్లలు పుడితే వాళ్లను చూసినా గట్లనే భయపడత. గట్ల బతుకుడు నాతోని కాదు."

వాళ్లక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

నేనేదో గట్టిగా అనాలి. అతను మోసం చేశాడని అరవాలి. కానీ అతను చెప్పిన భయం నాకు బాగా తెలిసిందే. పొద్దున కళ్లు తెరిచేముందు నాకు రోజూ వచ్చేది అదే. దాన్ని వదిలేసి పోయే వీలు అతనికుంది, నాకు లేదు. అంతే తేడా.

"సరే" అన్నాను. "ముందే చెప్పారు, అది నయం."

ఉంగరం తీసి వాళ్లక్కకు ఇవ్వబోయాను.

"ఉంచుకో అమ్మా, నీకని తెచ్చింది" అంది.

"వద్దు వదినా. నా దగ్గరుంటే రోజూ చూస్తాను."

ఆమె తీసుకుని పర్సులో వేసుకుంది. నాన్న వాళ్లను గేటు దాకా సాగనంపాడు. టీ తాగి పొమ్మని కూడా అన్నాడు, అలవాటు కొద్దీ. అమ్మ లోపలి నుంచి బయటికి రాలేదు. ఆమెది ఇంకో బాధ. డాక్టరమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్న ఆమెలో ముల్లులా విరిగి ఉండిపోయింది. నేను గడప తట్టుకున్నా, గ్లాసు తన్నినా "నా వల్లే, నా వల్లే" అంటుంది. ఊరుకోమని చెప్పడం కూడా మానేశాను.

అతనికి తర్వాత పెళ్లయింది. ఖమ్మం బస్టాండులో ఎవరో చెప్పారు. విన్నాను, బస్సెక్కాను.

స్కూటీ అమ్మేశాం. గూడేలకు పోవడం ఆగింది. పై ఆఫీసరు దయతలచి నన్ను ఆఫీసులో కంప్యూటర్ పనిలో కూర్చోబెట్టాడు. పొద్దున నాన్న దింపుతాడు, చీకటి పడకముందే తీసుకొస్తాడు. ఎదురుగా స్క్రీను మీద అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి. పోయినేడు లైను మొత్తం ఒక్కసారి చూడగలిగేదాన్ని. ఇప్పుడు లైను చివరికి వచ్చేసరికి మొదలు కనపడదు. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వాళ్లు చేసేదేముంది?

చెల్లి కళ్లు పరీక్ష చేయించాం. దానికేమీ లేదు. ఆ రోజు అమ్మ దేవుడి గదిలో చాలాసేపు కూర్చుంది. ఇప్పుడు దానికి సంబంధాలు చూస్తున్నారు. మొన్న మధిర నుంచి ఒకళ్లు చూసిపోవడానికి వచ్చారు. వాళ్లు వచ్చే ముందు అమ్మ నా గదిలోకి వచ్చి మంచం మీద నా పక్కన కూర్చుంది.

"వాళ్లు పోయేదాకా ఇక్కడే కూర్చుంటావా బిడ్డా?" అంది. "నడిస్తే తెలిసిపోద్ది. చెల్లికీ ఉందేమో అనుకుంటారు."

"కూర్చుంటాలే అమ్మా."

తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. వాళ్లు వచ్చారు. కుర్చీలు జరిపిన చప్పుడు, కప్పుల చప్పుడు, నాన్న నవ్వు. అబ్బాయి వాళ్లమ్మ కాబోలు, పెద్దమ్మాయి ఏదండీ అని అడిగింది.

"ఆఫీసు పని మీద కొత్తగూడెం వెళ్లింది" అంది చెల్లి. గొంతు కొంచెం కూడా తడబడలేదు.

నేను మంచం మీద కదలకుండా కూర్చున్నాను. దాహం వేసింది. నీళ్ల చెంబు గదిలో ఎక్కడో ఉంది. తడుముకుంటే చప్పుడవుతుందని లేవలేదు.