మేనత్త బంగారు పన్ను

నా చిన్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నేను నవ్విన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా ముందుపళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. శామీర్‌పేట దగ్గర మా పల్లెలో మా వాడకట్టంతా ఒకే బోరింగు నీళ్లు తాగేవాళ్లం. ఆ వాడ పిల్లల్లో చాలామందికి ఆ చారలు ఎంతో కొంత ఉండేవి, నాకు మాత్రం మరీ ఎక్కువ. అది నీళ్ల వల్ల వచ్చిందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు. గార పట్టిందనుకునేవాళ్లం. గార పట్టిన పళ్లంటే బద్ధకస్తురాలి పళ్లని అర్థం. పొద్దున్నే సరిగ్గా తోముకోవని మా అమ్మ నన్ను తిట్టని రోజు లేదు.

బడిలో నాకు ఇంకో పేరు పెట్టారు. అదిక్కడ రాయను. ఇంత వయసొచ్చినా ఆ పేరు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేనూ ఊరుకోలేదు. ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన ఇటుక ముక్కల్ని తెచ్చి, దంచి, పాత గుడ్డలో వడగట్టి మెత్తటి పొడి చేసుకున్నాను. అందరూ పొద్దున ఒకసారి వేపపుల్లతో తోముకుంటే, నేను బడికి ముందు, బడి తర్వాత, అన్నం తిన్నాక, పెరట్లో కూర్చుని ఆ పొడితో రుద్దేదాన్ని. చిగుళ్లలోంచి రక్తం కారేది. కుండలో నీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవి. చారలు మాత్రం ఇంతైనా తగ్గలేదు. నా బద్ధకం ఇంకా వదల్లేదనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల మీద జాలి వేస్తుంది, కోపమూ వస్తుంది.

మా బాపుకు ఒక అక్క ఉండేది, మేడ్చల్‌లో కాపురం. ఆ మేనత్తకు పైవరసలో ఒక బంగారు పన్ను. ఆ రోజుల్లో మా వైపు నవ్వు అందంగా కనబడాలంటే తెలిసిన వైద్యం అదొక్కటే. పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఏదో ఒకటి చెప్పి మా మేనత్తను నవ్వించేవాళ్లు, ఆ మెరుపు చూడటానికి. ఆమెకూ అది ఇష్టమే, ఊరికే నవ్వేది. ఆమెను చూసి నాకు ఒక ఆలోచన పుట్టింది. ఒక్క బంగారు పన్ను ఉంటే చాలు, మిగతా పళ్ల వంక ఎవరూ చూడరు.

ఎండాకాలం సెలవుల్లో ఆమె ఇంటికి పోయి రోజూ అదే పోరు పెట్టాను. మొదట నవ్వేసింది. తర్వాత పెద్దయ్యాక చూద్దామంది. నేను అన్నం మానేసి మూల కూర్చున్నాక, వారపు అంగడి రోజు తీసుకుపోతానని ఒప్పుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంగడిలో పళ్లు కట్టేవాడొకడు గొడుగు కింద కూర్చునేవాడు. ముందు నల్లగుడ్డ పరిచి, దాని మీద కట్టుడు పళ్లు, పట్టకార్లు, ఊడిన పళ్ల కుప్ప పెట్టుకునేవాడు. మా మేనత్త బేరం ఆడలేదు. బంగారం పెట్టే ముందు ఏం చేస్తావో ఈ పిల్లకు చూపించమంది. వాడు కుప్పలోంచి ఒక పన్ను తీసి, ఆకురాయితో నాలుగుసార్లు రాకాడు. నల్లగుడ్డ మీద తెల్లటి పొడి రాలింది. ఇట్లా అన్ని వైపులా సన్నం చేస్తేనే తొడుగు కూర్చుంటుందని చెప్పాడు. మేనత్త నా మొహం చూసింది. నేను సరేనన్నట్టు తలూపాను. అంత మొండిదాన్ని.

ఆమె నా చెయ్యి పట్టుకుని, మూసి ఉన్న ఒక దుకాణం వెనక్కి తీసుకుపోయింది. అటూ ఇటూ చూసి గోడవైపు తిరిగి కూర్చుంది. కొంగుతో పట్టుకుని ఆ బంగారు పన్ను పీకేసింది. అది అంత సులువుగా ఊడి వస్తుందని నేననుకోలేదు. దాని కింద కందిగింజంత నల్లటి మొద్దు ఒకటి ఉంది, అంతే. ఒక్క క్షణంలో ఆమె మొహం ముసలిదైపోయింది. నాకు భయమేసి వెనక్కి జరిగాను.

"మంచిగ సూడు బిడ్డా," అంది. "మీ మామకు గూడ సూపియ్యలే. మంచి పన్నే ఉండె నాది. గీ బంగారం కోసం రాకిచ్చుకున్న. బంగారం పోతే మళ్ల కొనుక్కుంట. గా పన్ను ఏడికెళ్లి తెచ్చుకోవాలె?"

ఆ మాటలు గాలి పోయినట్టు వచ్చాయి, సగం నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. ఆ బంగారు తొడుగును నా అరచేతిలో పెట్టింది. లోపల బోలుగా, ఏ బరువూ లేకుండా ఉంది. ఆ వైపు ఏదీ నమలలేనని, చల్లగాలి తగిలినా ప్రాణం పోతుందని, నవ్వినప్పుడల్లా ఎక్కడ ఊడిపడుతుందోనని నాలుకతో తడుముకుంటూనే ఉంటానని చెప్పింది. పెళ్లిళ్లలో అందరినీ మురిపించిన ఆ నవ్వు వెనక ఇంత కథ ఉందని నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. ఎర్రగా కమిలిన చిగుళ్లు చూసి ఇటుక పొడి సంగతి రాబట్టింది. ఒకసారి పన్ను నొప్పికి పోతే ఒక డాక్టరమ్మ ఆమెకు చెప్పిందట, ఈ చారలు నీళ్లతోనే వస్తాయని. "గది మురికి గాదు. నీ తప్పు గాదు. నువ్వెంత తోమినా చార పోదు, పన్నే పోతది," అంది.

నీ తప్పు కాదన్న ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. అన్నేళ్లలో ఆ మాట నాతో ఇంకెవరూ అనలేదు. ఆమె బంగారు పన్ను రెండుసార్లు సరిచేసి పెట్టుకుని, కొంగుతో నా మొహం తుడిచి, అంగడిలోకి తీసుకుపోయి మిర్చి బజ్జీలు కొనిచ్చింది. తను తినలేదు. ఇంటికొచ్చాక పొడి డబ్బా కాలువలో ఒంపేశాను. అప్పటికే అరిగింది మాత్రం అరిగిందే. ఇప్పటికీ నేను గోరువెచ్చని నీళ్లే తాగుతాను.

మొన్న మా మనవరాలు తనకు తోడుగా నన్ను కొంపల్లిలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుపోయింది. తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. ఒక పన్ను కొంచెం పక్కకు తిరిగి, ఇంకొకటి కొసన చిట్లి ఉంటాయని ల్యాబు బయట అందరూ మాస్కులు తీసేసినా తను తీయదు. డాక్టరమ్మ ఓపిగ్గా అన్నీ చెప్పింది. గార తీయడం, మందుతో తెల్లబరచడం, చిట్లినచోట పన్ను రంగు ముద్ద అతికించడం, కనబడని క్లిప్పులతో నెలల తరబడి వరస సరిచేయడం, చివరికి పళ్ల ముందు పలచటి పింగాణీ పలకలు. మా పిల్ల మనసు ఆ పలకల మీద, అదీ పైన ఎనిమిది పళ్లకు.

నాకు మోకాళ్ల నొప్పులు, వాదించే ఓపిక లేదు. వద్దనే హక్కూ లేదు, నవ్వలేనితనం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒక్క సంగతే అడిగాను, పలకలు పెట్టే ముందు ఏం తీస్తారని. పై పొర కొద్దిగా అరగదీయాల్సి రావచ్చని, తీసింది మళ్లీ రాదని, ఒకసారి మొదలుపెడితే వాటిని ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఉండాలని ఆమె దాచకుండా చెప్పింది. చిట్లినదానికి ముద్ద, తిరిగినదానికి క్లిప్పులు సరిపోతాయని కూడా అంది. మా పిల్ల ఆలోచించుకుని వస్తానంది. ఏం చేయించుకున్నా దాని ఇష్టం.

ఆటోలో మేనత్త కథ చెప్పాను. అంతా విని, "మరి గా పన్ను ఏమైంది అవ్వా?" అని అడిగింది.

మేనత్త పోయినప్పుడు, పాడె మీదికి చేర్చే ముందు ఆడవాళ్లు ఒంటి మీద బంగారం తీస్తున్నారు. పన్ను దగ్గరికొచ్చేసరికి ఎవరో పట్టకారు తెమ్మన్నారు. అక్కర్లేదని నేను ముందుకెళ్లి కూర్చున్నాను. కొంగుతో పట్టుకుంటే చేతికొచ్చేసింది. ఆమె కోడలి చేతిలో పెట్టాను. అందరూ దాని మీదికే వంగారు. ఆ కాస్త సందులో నేను ఆమె పెదవులు రెండూ దగ్గరికి చేర్చి, అవి నిలిచేదాకా అలాగే పట్టుకున్నాను. కట్టుకున్నవాడికి కూడా చూపించనిది, ఆమె ఒక మొండిపిల్ల పన్ను మిగలడం కోసం తీసి చూపించింది. అంత ప్రేమ నన్ను ఇంకెవరూ ప్రేమించలేదు.