ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున నేను దాచిన యూరియా సంచులు

ఒక ఊరి మూడేళ్ళ కష్టాన్ని ఒక్క పూటలో ముంచగల మనిషిని మీరెప్పుడైనా చూశారా? లేదంటే ఇది చదవండి. అప్పుడు నాకు పాతికేళ్ళు. ఓ కాఫీ కంపెనీలో కంప్లయన్స్ ఆఫీసర్ని. అంటే అందరూ రూల్సు పాటిస్తున్నారో లేదో కనిపెట్టి ఉండేవాణ్ణి. నాకు ఆ ఉద్యోగమిచ్చినవాళ్ళను నేనింకా క్షమించలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. డుంబ్రిగుడకు పైన, కొండమీది ఊరు. మూడేళ్ళుగా రసాయనాలు లేకుండా కాఫీ పండిస్తున్నారని సర్టిఫికెట్ వస్తే ఊరి పంటకు మంచి ధర. రాకపోతే మళ్ళీ మూడేళ్ళు మొదటినుంచి. తనిఖీకి బెంగుళూరు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయనకంటే ముందే పొద్దున్నే జీపు దిగి చూద్దును కదా, నా గుండె జారి గేరుబాక్సులో పడింది.

ఊరంతా యూరియా! కాఫీ గింజలు ఆరబోసింది యూరియా సంచులు కుట్టిన పట్టాల మీద. మేకలపాకకు తలుపు యూరియా సంచి. ఓ ముసలాయన నెత్తిన గొడుగుకు బదులు యూరియా సంచి. కోడిపుంజు సైతం నా కంటికి సంచిలాగే కనబడింది.

"బుద్రమ్మా! ఏంటిది?" అన్నాను. ఆమె రైతుసంఘం పెద్ద.

"ఏటి బాబూ? సంచులు. సంతలో కొన్నాం. ఖాళీవి."

"యూరియా చల్లుతున్నారా?"

పిచ్చికుక్క కరిచినవాణ్ణి చూసినట్టు చూసింది. "అది కొనీ తాహతుంటే ఖాళీ సంచులెందుకు కొంటాం? ఆ బాబొస్తే ఇదే సెప్పీద్దాం. ఉన్నమాటే గదా."

బుర్ర ఉన్నవాడెవడైనా సరేననేవాడు. మీరూ అనేవారు. నేను మాత్రం, "ఆయన నమ్మడు! దాచెయ్యాలి, బేగి!" అని అరిచాను. భయంలో నాకా యాస కూడా పట్టుబడింది.

రెండు గంటల్లో ఐదొందల సంచులు (సరే, డెబ్బై) సంఘం గదిలో నేల నుంచి కప్పుదాకా కుక్కించాను. తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాను. కాఫీని వెదురు తడికల మీదికి మార్పించాను. ఊరివాళ్ళు తమ ఊళ్ళోనే దొంగల్లా నిలబడ్డారు. అది నా మొదటి ఘనత.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నవ్వు మీద నిషేధం ఉన్నట్టు ఉన్నాడు. మట్టి వాసన చూశాడు. ఆకు నలిపాడు. గింజ కొరికాడు. ప్రతిదానికీ ఏదో రాసుకున్నాడు. ఆయన పెన్ను కదిలినప్పుడల్లా నేను జేబులో చెవి తడుముకున్నాను.

సరిగ్గా అప్పుడే తూర్పున గాలికొండ మీద గేదె అంత మబ్బు లేచింది. చూస్తుండగానే మంద అయింది. చినుకు పడింది.

"కాఫీ! గదిలోకి పట్రండి!" బుద్రమ్మ కేక. ఆడా మగా తడికలెత్తుకుని సంఘం గదివైపు పరుగు. ఊళ్ళో కారని కప్పు దానిదొక్కటే. నేను వాళ్ళకంటే ముందు ఉరికి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"తాళం తియ్యి బాబూ!"

"చెవి పోయింది."

"నీ జేబులో గలగలమంటంది గదా!"

వాన పెరిగింది. మూడేళ్ళ కష్టం తడికల మీద తడుస్తోంది. ఇన్‌స్పెక్టరు నా కళ్ళలోకి చూశాడు. "లోపలేముంది?"

నా చెయ్యి తనంతట తనే తాళం తీసింది. తలుపు తెరిచీ తెరవగానే డెబ్బై సంచులు నా మీదికి వరదలా పడ్డాయి. ఒకటి సరిగ్గా నెత్తిమీద, అక్షరాలు కనబడేలా.

సంచులు బయటికి విసిరి, కాఫీ లోపలికి చేర్చేసరికి బుద్రమ్మవి రెండు తడికలు నానిపోయాయి.

"ఎవరు దాచమన్నారు?" అన్నాడాయన.

తేలు కుట్టిన దొంగ నోరు మూసుకుంటాడంటారు. నేను తెరిచాను. "ఈ రైతులు..." అన్నాను. బుద్రమ్మ నానిన తడిక కింద పెట్టింది. జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా నన్నే చూస్తూ నిలబడింది. ఆమె తిట్టి ఉంటే మిగతా అబద్ధం కూడా చెప్పేసేవాణ్ణి.

"నేనే సార్. వాళ్ళు ఉన్నదున్నట్టు చెబుదామన్నారు. నేనే వద్దన్నాను."

"సంచులు తప్పే. రాస్తే దిద్దుకోవచ్చు. తాళాన్ని ఏమని రాయను?"

బుద్రమ్మ తడిసిన గింజలు దోసిట్లోకి తీసుకుని, "ఇవి మళ్ళీ ఎండెట్టుకుంటాం. ముందు నిన్ను ఎండెట్టాలి" అంది.

నెల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. వెంట రిపోర్టు. మా మేనేజరు దాన్ని అందరిముందూ నాచేతే చదివించాడు: "రైతులు సంచులకు బదులు టార్పాలిన్లు వాడాలి. నేలలో, ఆకులో, గింజలో ఏ రసాయనమూ లేదు. తోట పరిసరాల్లో హానికరమైనది ఒక్కటే కనబడింది: కంపెనీవారి కంప్లయన్స్ ఆఫీసరు. దీనిని పంటకు దూరంగా నిల్వ ఉంచవలెను."

కనుక గాలికొండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున ఇక జన్మలో ఏ గదికీ తాళం వెయ్యను. వెయ్యక తప్పదంటారా, ముందు నన్ను లోపల పెట్టి, చెవి బుద్రమ్మకివ్వండి.